మూడవ దరఖాస్తు

4 జనవరి 1984, బుధవారం

కిషన్ రావు వచ్చి వెళ్ళాడు. కాలేజీలో నేను ఖాళీ చేసిన ఇంగ్లీషు లెక్చరర్ కుర్చీలో పదేళ్ళుగా కూర్చుంటున్నవాడు. ఇన్నాళ్ళకు నా గుమ్మం గుర్తుకు వచ్చింది. తెలుగు మీడియం నుంచి వచ్చే డిగ్రీ పిల్లల కోసం ఒక పదపట్టిక కావాలట. ఎదుటివారిని ఒప్పించడానికి మాటను ఎలా నడుపుతారు, ఏ స్వరంతో పలుకుతారు, ఆ స్వరాన్ని ఏమని పిలవాలి, ఇటువంటి ఇంగ్లీషు పదాలు నలభై. ప్రతి పదానికీ తెలుగు మాట, దాని కింద జీవితంలో నుంచి తీసిన ఒక ఉదాహరణ.

“టోన్ అంటే ఏందో రాయుమంటే, పాట పాడేటప్పటిదని రాస్తాన్రు మేడం. మీరు తప్ప ఈ పని ఇంకెవరు చేస్తరు?” అన్నాడు.

పొగిడి ఒప్పించడం. పట్టికలో దీనినే మొదటి ఉదాహరణగా వేసుకోవచ్చు. ఒప్పుకున్నాను. అరవై ఎనిమిదేళ్ళ వయసులో తోచక ఒప్పుకున్నానని అతడు అనుకుంటే అనుకోనీ. చేయగలవారు నిజంగానే లేరు.

5 జనవరి, గురువారం

పదకొండు పదాలు పూర్తయ్యాయి. ఎథోస్ అంటే వక్త మీద వినేవారికి ఉండే నమ్మకం. లోగోస్ అంటే హేతువు. పేథోస్‌కు కరుణ అనబోయి, కొట్టివేసి, ఆర్తి అని వ్రాశాను.

ముప్పై ఏళ్ళు నేను పాటించిన నియమం ఒకటే. ఆర్తిని అదుపులో పెట్టుకోలేని వాక్యం ఎవరినీ ఒప్పించదు. పిల్లల ఉత్తరాలలో, దరఖాస్తులలో కన్నీళ్ళు కనబడితే అంచున ఎర్ర సిరాతో ‘ఇర్రెలవెంట్’ అని వ్రాసేదాన్ని. అనవసరం అని. వెనుక నన్ను ఇర్రెలవెంట్ మేడం అని పిలుచుకునేవారు. తెలిసీ తెలియనట్టు ఉండేదాన్ని. చెప్పుకోకూడదు గాని, గర్వంగానే ఉండేది.

9 జనవరి, సోమవారం

‘కండిసెండింగ్’ అనే పదానికి నిఘంటువులు ఇచ్చే మాటలేవీ నచ్చలేదు. రాజక్క పెరట్లో అంట్లు తోముతూ ఉంటే అడిగాను. పెద్దమనిషి ఎంతో మెత్తగా మాట్లాడతాడు, కాని వినేవాడికి తాను చిన్నబోయినట్టు అనిపిస్తుంది, దానిని మీరేమంటారు?

“దయ తల్చినట్టు మాట్లాడుడు అంటం” అంది, చెయ్యి ఆపకుండానే. “పోయినేడు నాకు చీర ఇచ్చుకుంట నువ్వు మాట్లాడినవ్ సూడమ్మా, గట్ల.”

“నేనేమన్నాను?”

“ఏమనలే. జర జాగర్తగ కట్టుకో, మంచి చీర, అన్నవ్. నాకు చీర కట్టుకొనుడు రానట్టు.” అని నవ్వింది.

తెలుగు మాట బాగుంది, తీసుకున్నాను. ఉదాహరణ వేరే వెతకాలి.

11 జనవరి, బుధవారం

‘ప్లీడింగ్’. ప్రాధేయపడే స్వరం. ఉదాహరణ తోచలేదు.

12 జనవరి, గురువారం

దానిని వదిలి తరువాతి నాలుగు పదాలు చేశాను.

13 జనవరి, శుక్రవారం

ప్రాధేయపడడం అనగానే ఒక్క అమ్మాయే గుర్తుకు రావడం వింత. వందల మందికి పాఠం చెప్పాను.

సమ్మమ్మ. నెక్కొండ నుంచి దినమూ పాసింజరు బండిలో వచ్చేది, వ్యవసాయం చేసుకునే కట్టయ్య కూతురు. 1974 జనవరి, ఆమెకు బి.ఏ. చివరి సంవత్సరం. ఏదో ఇంటి ఇబ్బంది వల్ల హాజరు తక్కువైంది. అలాంటివారు హాజరు లోపాన్ని మన్నించమని ఇంగ్లీషులో దరఖాస్తు వ్రాసి, క్లాసు లెక్చరర్ సంతకం చేయించుకుంటే, ఆ లెక్చరరే దానిని ప్రిన్సిపాల్‌కు పంపాలి. గడువు జనవరి ముప్పై ఒకటి. ఆ దరఖాస్తును రెండుసార్లు దిద్ది తిరిగి వ్రాసుకొని రమ్మన్నాను. మూడవసారి ఆమె రాలేదు. గడువు దాటింది. పరీక్షకు కూర్చోనివ్వలేదు. ఆ తరువాత ఆమె కాలేజీ వైపు రాలేదు.

శ్రద్ధ లేని చోట ఎవరైనా ఏం చేయగలరు? అందులో అది నా పదవీ విరమణ సంవత్సరం. చేతినిండా పని.

16 జనవరి, సోమవారం

పనికివచ్చే ఉదాహరణల కోసం కాలేజీ నుంచి తెచ్చుకున్న పాత కాగితాల పెట్టె తెరవాలి. రాజక్క సాయం పడతానంది. అక్కరలేదన్నాను.

18 జనవరి, బుధవారం

పెట్టె తెరిచాను.

వీడ్కోలు సభ నాటి ఫోటోకు, నా సన్మాన పత్రానికి మధ్య ఒక అట్ట. అందులో ఒకే ఒక్క కాగితం. నీలి గీతల తెల్ల కాగితం మీద గుండ్రని ఇంగ్లీషు అక్షరాలు. తేదీ 28 జనవరి 1974. రెండే రెండు వాక్యాలు. నాకు హాజరు తక్కువైనది. దానిని మన్నించి నన్ను పరీక్షకు అనుమతించవలసినదిగా కోరుచున్నాను. ఇట్లు, కె. సమ్మమ్మ.

ఒక్క తప్పు లేదు. ఎర్ర సిరా చుక్క లేదు. నా సంతకమూ లేదు.

మూడవసారి ఆ అమ్మాయి వచ్చింది.

19 జనవరి, గురువారం

నిన్న వ్రాసినది చదువుకున్నాను. సగమే వ్రాశాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇక్కడ కూడా సగమే వ్రాస్తే ఎలా?

మొదటి దరఖాస్తు మూడు పేజీలు. వాళ్ళ అమ్మ జబ్బు గురించి. రక్తం కక్కుకోవడం, వరంగల్ దవాఖానలో మంచం, పక్కన ఉండడానికి మరొక మనిషి లేకపోవడం, మేడం మీరే దేవుడు. ప్రతి పేజీ అంచున నా ఎర్ర సిరా. ‘సొంత కష్టాలు అధికార పత్రంలోకి తీసుకురాకూడదు’ అని కింద వ్రాశాను. రెండవది ఒక పేజీ. అందులోనూ తల్లి కనబడింది. ‘స్వరం ఇంకా దీనంగా ఉంది’ అని వ్రాశాను. మూడవది ఇది.

ఇది చదివి నేనేమనుకున్నానో గుర్తుంది. పొగరు అనుకున్నాను. దయచేసి అన్న మాటైనా లేదు, కారణమైనా చెప్పలేదు, నా బల్ల మీద పెట్టి తల వంచుకొని వెళ్ళిపోయింది. కారణం లేని దరఖాస్తును ఎలా పంపను అని నాకు నేను చెప్పుకున్నాను. కారణం ఏమిటో ఆ కాలేజీలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. వచ్చి అడగనీ అనుకున్నాను. ఒక్కసారి నోరు తెరిచి అడిగితే సంతకం చేసి పంపుదామని అట్టలో పెట్టాను.

అడిగితే రెండుసార్లు తిప్పి పంపినదాన్ని నేనే.

20 జనవరి, శుక్రవారం

మూడవసారి రాలేదని పదేళ్ళు చెప్పుకున్నాను. ఎవరికి? నన్ను ఎవరూ అడగనే లేదు.

22 జనవరి, ఆదివారం

ఉత్తరం వ్రాశాను. దరఖాస్తు మీద ఉన్న చిరునామాకే. నాలుగు చిత్తుప్రతుల తరువాత సంతృప్తిగా వచ్చింది. నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను.

‘చి. సమ్మమ్మకు ఆశీస్సులు. పాత పత్రములు సర్దుచుండగా 1974 నాటి నీ దరఖాస్తు ఒకటి నా వద్ద మిగిలిపోయినట్లు గమనించితిని. అది సకాలములో పంపబడకపోవుట ఎంతయు విచారకరము. నీవు క్షేమముగా నున్నావని తలచెదను.’

సంయమనం ఉంది. అతి లేదు.

30 జనవరి, సోమవారం

నెక్కొండ నుంచి కార్డు వచ్చింది.

‘మేడం గారికి నమస్కారములు. మీ ఉత్తరము అందినది. విషయము తెలిసినది. నేను క్షేమము. ఇట్లు, కె. సమ్మమ్మ.’

మంచి ఉత్తరం. ఒక్క మాట ఎక్కువ లేదు.

31 జనవరి, మంగళవారం

గడువు రోజు.

ఆ కార్డు స్వరాన్ని ఏమనాలో తెలియలేదు. పట్టికలో ముప్పై తొమ్మిది పదాలున్నాయి. ఏదీ సరిపోలేదు. కోపమని వ్రాయడానికి కోపం లేదు. చల్లదనమా అంటే, చదివిన కొద్దీ చేయి కాలుతున్నది.

రాజక్క ఊడుస్తూ, “రెండు దినాల సంది ఆ కార్డు పట్టుకొనే తిరుగుతాన్నవ్. ఎవలు రాసిన్రమ్మా?” అంది. సంగతి చెప్పాను. ఈ విషయం ఒక మనిషికి చెప్పడం ఇదే మొదలు. నా ఉత్తరం, ఆమె కార్డు రెండూ చదివి వినిపించాను. చీపురు పక్కన పెట్టి వింది.

“పంపబడకపోవుట అంటే ఏందమ్మా?”

“అది పోలేదని.”

“ఎవలు పంపలే?”

“నేను.”

“గా ముచ్చట అండ్ల యాడుంది మరి?”

ఉత్తరం నకలు మళ్ళీ చూసుకున్నాను.

“అండ్ల తప్పు ఎవల్దో లేదు. ఆ పిల్ల మాత్రం ఏం రాస్తది? అందింది అని రాసింది” అంది. తరువాత నా ముఖం చూసి, “ఫికర్ జేయకమ్మా, నెక్కొండ ఏమన్న దూరమా?” అని మళ్ళీ చీపురు తీసుకుంది.

నా నలభై పదాల పట్టిక చేయలేని పని రాజక్క మూడు ప్రశ్నలలో చేసింది. నేను వ్రాసిన నాలుగు చిత్తుప్రతులలో మొదటి దానిలో ‘నేను’ అనే మాట ఉండింది. కొట్టివేశాను. అతి అనిపించి.

2 ఫిబ్రవరి, గురువారం

నెక్కొండ వెళ్ళి వచ్చాను. ఒంటరిగానే.

స్టేషన్‌లో కట్టయ్య పేరు చెబితే ఒక కూలి రైసు మిల్లు వెనుక ఇల్లు చూపించాడు. ముందు వసారాలో కుట్టు మిషను. దాని మీది బల్ల చెక్క మీద కాగితం పెట్టుకొని ఒక ఆమె వ్రాస్తున్నది. జుట్టులో అక్కడక్కడ తెలుపు. ముప్పై ఒకటికి మించి ఉండదు. తల వంచిన తీరును బట్టి ఆనవాలు పట్టాను. పక్కన పీట మీద మొగిలమ్మ అనే ముసలామె కూర్చొని చెబుతున్నది. ఆమె బర్రె రైలు కింద పడిందట. రైల్వే ఆఫీసరుకు అర్జీ.

సమ్మమ్మ తలెత్తి నన్ను చూసింది. లేచి నిలబడింది. క్లాసులో లేచినట్టే.

“నీ పని కానీయి. నేను కూర్చుంటాను” అన్నాను.

“బర్రె పేరు రాసినవా బిడ్డా? లచ్చి” అంది మొగిలమ్మ.

“రాసిన పెద్దమ్మా.”

“పొద్దుగాల నా మొఖం సూడంది పాలియ్యదని రాసినవా?”

“రాస్తాన్న.”

“నల్లది. నొసటి మీద తెల్లసుక్క. ఆ సుక్క జూసే మా ముసలాయన కొన్నడు. గది గూడ ఎక్కియ్యి.”

“ముసలాయన పేరు గూడ ఎక్కిద్దామా?”

“ఎక్కియ్యి. ఆయనా పాయె, గదీ పాయె.”

అన్నీ వ్రాసింది. నా కుడిచేతి వేళ్ళు వాటంతట అవే కదిలాయి. బర్రె నొసటి చుక్క రైల్వే ఆఫీసరుకు ఎందుకు? నోటి దాకా వచ్చింది. మొగిలమ్మ వేలిముద్ర వేసి, అర్జీని చీర చెంగులో చుట్టుకొని వెళ్ళిపోయిన తరువాత, నేను అడగకుండానే సమ్మమ్మ జవాబు చెప్పింది.

“పని అయితదో కాదో నాకెరుక లేదు మేడం. వాళ్ళు చెప్పుకున్నది మాత్రం ఒక్క ముక్క ఇడువకుంట కాయితం మీద పెడ్త.”

సంచిలో నుంచి ఆ కాగితం తీసి ఇచ్చాను. బండిలో వస్తూ ఎంతో సిద్ధం చేసుకున్నాను. అదంతా పోయింది. “దీనిని పంపనిది నేను. మరచిపోయి కాదు. నువ్వు వచ్చి అడుగుతావని ఆపాను. తప్పు నాది” అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

ఆమె కాగితాన్ని చదివింది. రెండే వాక్యాలు గదా, చాలాసేపు చదివింది. వెనక్కి తిప్పి ఖాళీ వైపు కూడా చూసింది.

“ఇండ్ల అమ్మ లేదు మేడం” అంది.

కాగితాన్ని నా వైపు తిప్పి చూపించింది.

“మొదటిదాంట్ల మొత్తం అమ్మనే ఉండె. రెండోదాంట్ల జరంత ఉంచిన. అదీ వద్దని రాస్తిరి. దవాఖాన్ల అమ్మ మంచం పక్కన కూసోని, ఆమె సూస్తాంటెనే, నా చేతులతోటి ఆమెను కొట్టేసిన. నేను కొట్టేసిన మూడు దినాలకు పోయింది. గడువు దినమే.”

“నాకు తెలియదు.”

“మీకెట్ల తెలుస్తది మేడం? నేను అండ్ల రాయలే గదా.”

ఎంతో మెల్లగా చెప్పింది. ఎత్తిపొడుపు లేదు, నిష్ఠూరం లేదు. ఉంటే పట్టుకోవడానికి నాకు ఏదైనా దొరికేది.

“నన్ను తిట్టు” అన్నాను.

“తిట్టుడెందుకు మేడం? చదువు పాయె. ఉంటే టీచర్ నౌకరి వస్తుండెనో రాకపోతుండెనో. గదంతా పోనీయుండ్రి.” కాగితం మడిచి నా చేతిలోనే పెట్టింది. “మొదటి కాయితం ఉన్నదా మీ తాన? మూడు పేజీలది?”

“దిద్ది నీకే ఇచ్చాను గదా.”

“నేను చింపేసిన. మంచిగ రాయాలె గదా అని.” కుట్టు మిషను చక్రం మీద చెయ్యి వేసింది. “అమ్మది ఫోటో లేదు మేడం. బతికుండంగ ఆమె మీద ఎవలన్న రాసింది గదొక్కటే. మీరు ఉత్తరం పంపితే, గది దొరికిందేమో అనుకున్న. కాయితం ఒకటి మిగిలిందని రాస్తిరి, ఏ కాయితమో రాయలే. అడుగుదామంటే మళ్ళ బతిమిలాడినట్టు అయితదని అడుగలే.”

టీ ఇచ్చింది. తాగాను. స్టేషన్ దాకా వచ్చింది. ప్లాట్‌ఫారం కిందికి ఉంది, రైలు పెట్టె మెట్టు ఎత్తు. చెయ్యి అందించింది. అక్కరలేదన్నాను, అలవాటుగా. బండి కదిలిన తరువాత గాని ఏమన్నానో నాకు తెలియలేదు.

3 ఫిబ్రవరి, శుక్రవారం

ఆ మూడు పేజీలు లోకంలో నా కళ్ళు, ఆమె కళ్ళు తప్ప ఎవరూ చూడలేదు. ఆమె ఆ వారమంతా తల్లి పోయే దుఃఖంలో ఉంది. నేను కుర్చీలో కూర్చొని తీరికగా చదివాను, రెండుసార్లు. గుర్తు తెచ్చుకోవలసినదాన్ని నేను.

కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. నా ఎర్ర సిరా మాటలన్నీ వరుసగా వచ్చాయి. మొదటి పేజీలో ‘అతిశయోక్తి’. దాని కింద ‘దేవుడిని తీసుకురావద్దు’. రెండవ పేజీలో ‘దీర్ఘం’, ‘ఇర్రెలవెంట్’, మళ్ళీ ‘ఇర్రెలవెంట్’, ఈసారి రెండు గీతలతో. మూడవ పేజీలో ‘కుదించు’.

వాటి పక్కన నల్ల సిరాలో ఏముందో ఒక్కటీ రాలేదు.

4 ఫిబ్రవరి, శనివారం

రాలేదు.

6 ఫిబ్రవరి, సోమవారం

కిషన్ రావు పట్టిక తీసుకుపోయాడు. లెక్క చూసుకొని, “ముప్పై తొమ్మిదే ఉన్నయ్ మేడం. ప్లీడింగ్ లేదు” అన్నాడు.

“ఆ పదానికి ఉదాహరణ వ్రాసే అర్హత నాకు లేదు” అన్నాను. వినయం అనుకున్నాడు. అతడికే టోన్ తెలియనప్పుడు పిల్లలను అని ఏం లాభం?

7 ఫిబ్రవరి, మంగళవారం

రెండవ పేజీ. కింది భాగం. రెండు గీతలు కొట్టిన చోట. అక్కడ పొడుగాటి వాక్యం ఒకటి ఉండేది. అంతవరకే.

8 ఫిబ్రవరి, బుధవారం

రాజక్క ఆలస్యంగా వచ్చింది. కూతురును మేడారం జాతర బస్సు ఎక్కించి వచ్చిందట.

“ఎక్కిచ్చిన గని, మా అత్త ఊకుంటదా? బస్సు దొరికిందా, పిల్లకు బస్సు దొరికిందా అని పొద్దటి సంది పది మాట్ల అడిగింది. ఎక్కింది ముసల్దానా అంటే ఇనదు. జరసేపైతే మళ్ళ దొరికిందా అంటది.”

చేతిలోని గ్లాసు కింద పెట్టాను.

దొరికింది. ఒకే ఒక్క వాక్యం. మిగిలిన మూడు పేజీలూ పోయాయి, ఇక రావు. ఇది మాత్రం మాట పొల్లుపోకుండా వచ్చింది, ఆమె వ్రాసిన ఇంగ్లీషులోనే, ఆమె తప్పులతోనే. కార్డు తీసుకొని అలాగే వ్రాసి, కింద ఆమె పేరు వ్రాశాను. ఏమీ సవరించలేదు. నా వైపు నుంచి ఏమీ కలపలేదు, క్షమాపణ కూడా. సంతకం ఒక్కటి పెట్టాను, పదేళ్ళ కిందట పెట్టవలసిన చోట, ఆమె పేరు కింద. ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే వెళ్ళి డబ్బాలో వేసి వచ్చాను.

దాని తెలుగు ఇక్కడ వ్రాసి ఉంచుకుంటున్నాను, మళ్ళీ పోగొట్టుకోకుండా.

‘మా అమ్మకు ఇప్పుడు మనుషుల ఆనవాలు లేదు, కాని సాయంత్రం కాగానే, నా బిడ్డకు బండి దొరికిందా అని మంచం పక్కన కూర్చున్న మనిషిని దినమూ అడుగుతూ ఉన్నది, దొరికింది అని ఆ మనిషి దినమూ చెబుతూ ఉన్నది, మేడం, ఆ మనిషిని నేనే.’